ఫోన్ మింగేసిన శ్రుతి

మొన్న ఉగాదికి నెల ముందు, ఒక ఆదివారం సాయంత్రం, పాణ్యం నుంచి మా పెద్దనాయన వీడియో కాల్ చేశాడు. ఆయన క్లారినెట్ వాయిస్తాడు. నలభై ఏళ్లు పెళ్లిళ్ల బ్యాండులో వాయించాడు. బనగానపల్లె, బేతంచెర్ల, ఆళ్లగడ్డ, నంద్యాల... ఆ చుట్టుపక్కల ఆయన ఊదని ఊరేగింపు లేదంటే అబద్ధం కాదు. ఇప్పుడు పెళ్లిళ్లకు డీజే వచ్చేసింది కాబట్టి ఇంట్లోనే, సాయంత్రం పూట, శ్రుతిపెట్టె ఆన్ చేసుకొని తన కోసం తాను వాయించుకుంటాడు.

"ఇనబ్బీ, కొత్తగా ఒకటి పట్టినా" అని మొదలుపెట్టాడు. నేను హైదరాబాద్‌లో ఇయర్‌బడ్స్ పెట్టుకొని కూర్చున్నా. మొదటి రెండు మూడు సెకన్లు శ్రుతిపెట్టె సన్నగా వినిపించింది. తర్వాత మాయం. క్లారినెట్ ఒక్కటే మిగిలింది, అది కూడా మధ్యమధ్యలో తెగిపోతా.

"పెద్దనాయనా, శ్రుతి ఆపేశావా?"

"ఆపలేదే. ఇక్కడ మోగుతాండాదిగా!"

నాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఎందుకంటే ఆ శ్రుతిని మింగేసే పని చేసేది నాలాంటివాళ్లే. నా ఉద్యోగం వీడియో కాల్ యాప్‌లో ఆడియో టీమ్. ఫ్యాన్ చప్పుడు, ఏసీ హోరు, ట్రాఫిక్ గోల అవతలివాళ్లకు వినపడకుండా చెయ్యడం మా పని. ఆ సాఫ్ట్‌వేర్ లెక్క సింపుల్‌గా చెప్పాలంటే ఇది: మనిషి మాట పెరుగుతుంది, తగ్గుతుంది, ఆగుతుంది. ఫ్యాన్ మాత్రం ఒకే తీరుగా మోగుతూనే ఉంటుంది. కాబట్టి ఏ శబ్దం మారకుండా అలాగే మోగుతోందో అది చెత్త, తీసిపారెయ్.

మరి శ్రుతి చేసే పనేంటి? మారకుండా అలాగే మోగడం.

అంటే మన సంగీతానికి నేల లాంటి దాన్ని నా కోడ్ ఫ్యాన్ చప్పుడు కింద లెక్కగట్టి ఊడ్చేస్తోంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు. "సిగ్నల్ సరిగా లేదు పెద్దనాయనా" అని ఒక అబద్ధం ఆడేశా.

పళ్ల డాక్టరు ఇచ్చిన తేదీ

అదే కాల్‌లో చివర్లో పెద్దమ్మ ఫోన్ లాక్కొని అసలు సంగతి చెప్పింది. పెద్దనాయన పై పళ్లు కదులుతున్నాయి. నంద్యాలలో డాక్టరుకు చూపించారు. శ్రీరామనవమి అయ్యాక ముందు పళ్లు తీసేసి కట్టుడు పళ్లు పెట్టాలన్నాడట.

క్లారినెట్ గురించి తెలియనివాళ్లకు ఇది మామూలు వార్తే. కానీ ఆ వాద్యం పట్టేదే పళ్లతో. పై పళ్లు మౌత్‌పీస్ మీద ఆనాలి, కింది పెదవిని కింది పళ్ల మీదికి మడిచి రీడ్‌కు తగిలించాలి. ఆ పట్టు నలభై ఏళ్ల అలవాటు. పళ్లు మారితే పట్టు మారుతుంది, పట్టు మారితే స్వరం మారుతుంది. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆయనకు అరవై ఏడు.

"అంతలోపల ఒగసారి వచ్చి, సెల్లులో బాగా పట్టిపో నాయనా" అంది పెద్దమ్మ. అప్పుడు గుర్తొచ్చింది. నలభై ఏళ్లు వాయించిన మనిషి స్వరం మా దగ్గర ఎక్కడా లేదు. పాత పెళ్లి వీడియోల్లో ఉంటుంది కానీ దాని మీద ఎడిటింగ్‌వాళ్లు సినిమా పాట వేసేశారు.

పది రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి ఉగాదికి ముందురోజు పాణ్యంలో దిగా.

"ఆ పాలకొల్లు పిల్లోడు"

ఎట్లా వాయించాలి, ఎక్కడ కూర్చోవాలి అని నేను ఏదో చెప్పబోతే పెద్దనాయన నన్ను ఆపి అటక మీంచి ఒక క్యాసెట్ డబ్బా దించాడు. అందులో సగం మాండొలిన్ శ్రీనివాస్‌వే. "పాలకొల్లు పిల్లోడు. వాళ్ల నాయన కూడా మన మాదిరి క్లారినెట్టే" అన్నాడు, సొంత బంధువు గురించి చెప్పినట్టు.

నిజమే. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్ల వయసులో తీసి వాయించడం మొదలుపెట్టాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజే ఈ పిల్లాడికీ గురువయ్యాడు. చిక్కేమిటంటే ఆయనకు మాండొలిన్ రాదు. అందుకని ఆయన పాడేవాడు, పిల్లాడు దాన్ని తీగల మీద పలికించేవాడు. శ్రీనివాస్ మాండొలిన్ పాడినట్టు ఉంటుందని అంటారు కదా, ఆయన నేర్చుకున్నదే పాట విని.

అసలు మాండొలిన్ కర్ణాటక సంగీతానికి పనికొచ్చే వాద్యమే కాదని అప్పట్లో చాలామంది అనుకున్నారు. కారణం ఉంది. దాని మీద తీగలు జంటలుగా ఉంటాయి. మన గమకానికి తీగను పక్కకు లాగాలి. జంట తీగల్ని ఒకేలా లాగి ఒకే శ్రుతిలో ఉంచడం మహా కష్టం. పైగా మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది, సాగదు. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, నాలుగుకి ఐదు చేశాడు, ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు మారి స్వరం సాగేలా చేసుకున్నాడు. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ సరిపోకపోతే హార్డ్‌వేర్‌నే మార్చేశాడు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ, తొమ్మిదేళ్లకు. 1981లో మద్రాసు డిసెంబరు సీజన్‌లో కచేరీ, పన్నెండేళ్లకు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, పద్నాలుగేళ్లకు. నేను పద్నాలుగేళ్లకు ట్యూషన్ ఎగ్గొట్టి క్రికెట్ ఆడేవాణ్ని.

"ఈయన తెల్లోళ్లతో కూడా వాయించినాడంట గదా. అది నేనెప్పుడూ ఇనలేదు" అన్నాడు పెద్దనాయన.

ఆ రాత్రి మిద్దె మీద మంచం వేసుకొని బ్లూటూత్ స్పీకర్ పెట్టి ఆయనకు 'శక్తి' వినిపించా.

ఒక్క సాయంత్రం, మూడు ట్రాకులు

'శక్తి' అనేది బ్యాండు పేరు. ఇంగ్లండ్‌కు చెందిన గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ అప్పటికే 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' అనే బ్యాండుతో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. చెవులు చిల్లులు పడే ఎలక్ట్రిక్ సంగీతం అది. మరోపక్క అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో వీణ పాఠాలు నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ పక్కన పెట్టి, మామూలు గిటార్ తీసుకొని, మన విద్వాంసులతో కలిసి వేదిక మీద నేల మీద కూర్చున్నాడు. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం టి.హెచ్. 'విక్కు' వినాయక్‌రామ్, మృదంగం రామ్నాడ్ రాఘవన్. హిందుస్తానీ తబలా, కర్ణాటక ఘటం ఒకే వేదిక మీద, మధ్యలో ఒక ఇంగ్లండ్ గిటార్. 'వరల్డ్ మ్యూజిక్' అనే మాట రికార్డుల షాపుల్లో ఒక అర పేరుగా మారడానికి చాలా ముందు సంగతి ఇది.

వాళ్ల మొదటి ఆల్బమ్ స్టూడియోలో చేసింది కాదు. 1975 జులై 5న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని సౌతాంప్టన్ కాలేజీలో ఇచ్చిన కచేరీని అలాగే పట్టేశారు. 1976లో విడుదలైంది. మొత్తం మూడే ట్రాకులు. మొదటిది 'జాయ్', పద్దెనిమిది నిమిషాలు. రెండోది 'లోటస్ ఫీట్', ఐదు నిమిషాల లోపు. మూడోది దాదాపు అరగంట. ఇప్పటి లెక్కలో ఆ ఒక్క ట్రాకు సాగేంతసేపట్లో మనం అరవై రీల్స్ చూసేస్తాం.

ఇంకో ముచ్చట. ఆ కచేరీ జరిగిన 1975లో శ్రీనివాస్‌కు ఆరేళ్లు. అంటే లాంగ్ ఐలండ్‌లో వాళ్లు రికార్డు చేస్తున్న రోజుల్లోనే, ఇక్కడ పాలకొల్లులో ఒక పిల్లాడు నాన్న మాండొలిన్‌ను తడుముతున్నాడు.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం గిటార్ సంగతి. గిబ్సన్ కంపెనీలో వాద్యాలు తయారుచేసే ఏబ్రహామ్ వెక్టర్ శక్తి కోసం మెక్‌లాఫ్లిన్‌కు ఒక ప్రత్యేకమైన గిటార్ చేసిచ్చాడు. మామూలు ఆరు తీగలు కాక, వాటి కింద అడ్డంగా ఇంకో ఏడు తీగలు. అవి శ్రుతి కోసం. మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచారు, వీణలో లాగా తీగను లాగి గమకం పలికించడానికి.

మళ్లీ చదవండి. మనతో వాయించడానికి వచ్చిన మనిషి ముందుగా తన వాద్యంలోకి శ్రుతిని తెచ్చుకున్నాడు. నేను రాసిన కోడ్ అదే శ్రుతిని తీసి పారేసింది. మిద్దె మీద ఆ చీకట్లో నాకు కొంచెం సిగ్గేసింది.

బొంబాయిలో ఆ శనివారం

పాత శక్తి మూడు ఆల్బమ్‌లతో 1970ల చివర్లో ఆగిపోయింది. 1997లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ మళ్లీ కలిశారు. ఈసారి పేరు 'రిమెంబర్ శక్తి'. మొదట వేణువుతో పండిత్ హరిప్రసాద్ చౌరాసియా వచ్చారు. ఆ తర్వాత వయొలిన్ ఉండాల్సిన చోట మన మాండొలిన్ వచ్చి కూర్చుంది. విక్కు వినాయక్‌రామ్ చోటులోకి ఆయన కొడుకు సెల్వగణేశ్ కంజీరతో వచ్చాడు. ఈ నలుగురూ కలిసి చేసిన లైవ్ ఆల్బమ్ 'ది బిలీవర్' 2000లో విడుదలైంది.

అదే సంవత్సరం డిసెంబరులో ముంబయి కచేరీ. దాన్ని 2001లో 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' పేరుతో వేశారు. ఈసారి వేదిక మీద చుట్టాలు చాలామంది ఉన్నారు. సంతూర్‌తో శివకుమార్ శర్మ, స్లైడ్ గిటార్‌తో దేబాశిష్ భట్టాచార్య, డ్రమ్స్‌తో శివమణి, గాత్రం శంకర్ మహదేవన్. అవును, మన సినిమా పాటల శంకర్ మహదేవనే. నాలుగే ట్రాకులు, గంట పైన కచేరీ.

మూడో ట్రాకు పేరు 'గిరిరాజ్ సుధ'. అది మొదలవ్వగానే పెద్దనాయన లేచి కూర్చున్నాడు.

"ఇది త్యాగరాజస్వామిది కదరా! బంగాళ రాగం."

ఔను. త్యాగయ్య వినాయకుడి మీద చేసిన కీర్తన. రెండు వందల ఏళ్ల కిందట తిరువయ్యూరులో ఒక తెలుగాయన కట్టిన కీర్తనను, పాలకొల్లు తెలుగాయన మాండొలిన్ మీద ఎత్తుకుంటే, పక్కన ఇంగ్లండ్ గిటారు, హిందుస్తానీ తబలా నడుస్తున్నాయి. ముంబయి జనం ఈలలు వేస్తున్నారు. పెద్దనాయన మోకాలి మీద తాళం వేస్తూ కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక ఆయన అన్న మొదటి మాట సంగీతం గురించి కాదు.

"జనం అరుపులు తీసెయ్యలేదే వీళ్లు?"

లైవ్ ఆల్బమ్ అంటే అదే పెద్దనాయనా అన్నా. స్టూడియోలో తప్పు పోతే మళ్లీ వాయిస్తారు, అతికిస్తారు. కచేరీలో అట్లా కుదరదు. ఒకరు కొత్త బాట పట్టారంటే మిగతావాళ్లు అప్పటికప్పుడు వెంట నడవాలి. జాకిర్ ఒక ముక్క వాయిస్తే సెల్వగణేశ్ దాన్ని పట్టుకొని తిప్పి కొడతాడు. ఆ సవాలు జవాబు మధ్యలో ఎవరో 'ఆహా' అంటారు. అవన్నీ తీసేస్తే వాళ్లు ఒకరినొకరు విన్నట్టు మనకు తెలియదు.

"మా మేళంలో కూడా అంతే గదా" అన్నాడు. "డోలాయన కంటితో సైగ చేస్తే మలుపు తిరిగేటోళ్లం."

శ్రీనివాస్ ఇప్పుడు లేడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభై ఐదేళ్లకే, కాలేయ మార్పిడి ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. శక్తి మళ్లీ 2023లో 'దిస్ మూమెంట్' ఆల్బమ్‌తో వచ్చింది, 2024 ఫిబ్రవరిలో గ్రామీ అందుకుంది. అదే ఏడాది డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ కూడా వెళ్లిపోయారు. ఆ ముంబయి రాత్రి వేదిక మీద ఉన్న శివకుమార్ శర్మ 2022లోనే పోయారు. ముగ్గురూ ఇంకా ఒకే చోట వాయిస్తున్నది ఆ రికార్డులోనే.

ఆ మాట నేను పైకి అనలేదు. పెద్దనాయన మాత్రం డబ్బాలో క్యాసెట్లు సర్దుతూ "రేపు పట్టుదాం పా" అన్నాడు.

మా ఇంటి లైవ్ రికార్డింగ్

మొదటి రోజు ఘోరంగా పోయింది. ఫోన్‌లో ఉన్న వాయిస్ రికార్డర్‌తో పట్టా. విని చూస్తే మళ్లీ అదే కథ. శ్రుతి మాయం, క్లారినెట్ తారస్థాయికి వెళ్లగానే స్వరం పగిలిపోతోంది, చిన్నగా ఊదినచోట ఫోనే సౌండ్ పెంచేస్తోంది. ఆ యాప్ తయారైంది మాటల కోసం, సంగీతం కోసం కాదు.

మీ ఇంట్లో కూడా పాడే అమ్మమ్మో, భజన చేసే తాతో, డప్పు కొట్టే మామో ఉంటారు కాబట్టి నేను నేర్చుకున్నది చెప్తా.

రికార్డర్ సెట్టింగ్స్‌లో నాయిస్ రిడక్షన్ లాంటిది ఏదున్నా ఆపెయ్యండి. ఆటో గెయిన్ ఉంటే అదీ ఆపండి, లేకపోతే మెల్లగా పాడింది, గట్టిగా పాడింది ఒకేలా వినిపిస్తుంది. ఫార్మాట్‌లో వేవ్ ఉంటే అది పెట్టండి. ఫోన్‌ను నోటి ముందు పెట్టకండి, నాలుగైదు అడుగుల దూరంలో మడత దుప్పటి మీద పెట్టండి. శ్రుతిపెట్టె ఫోన్‌కు, మనిషికి మధ్యలో కాకుండా కొంచెం పక్కన ఉండాలి. ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు. ముందు ఒక నిమిషం అన్నిటికన్నా గట్టి స్వరం ఊదించి, విని, పగలట్లేదని చూసుకొని అప్పుడు అసలుది మొదలుపెట్టండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లా కాదు, డాక్యుమెంట్‌లా పంపండి. అప్పుడు దాన్ని ఇంకా నలపదు. వీడియో కాల్ యాప్‌లలో కూడా చాలావాటికి 'ఒరిజినల్ సౌండ్' లాంటి ఆప్షన్ ఒకటి ఉంటుంది. సంగీతం పాఠాలు ఆన్‌లైన్‌లో నేర్చుకునేవాళ్లు అది ఆన్ చేసుకోండి.

రెండోసారి నవమికి ముందురోజు సాయంత్రం పట్టాం. నాపరాళ్ల వరండాలో ప్రతిధ్వని ఎక్కువగా ఉందని లోపలి గదిలో వడ్ల బస్తాల మధ్య కూర్చోబెట్టా. పెద్దనాయన తెల్ల చొక్కా తొడుక్కొని వచ్చాడు. "ఆడియోనే కదా" అన్నా నేను. "ఐతే ఏం?" అన్నాడు.

'వాతాపి గణపతిం' మొదలుపెట్టాడు. నలభై ఏళ్లు ప్రతి పెళ్లిలో మొదట వాయించింది అదే. సగం దాటాక గుంతకల్లు వైపు పోయే గూడ్సు ఒకటి కూత వేసుకుంటూ వచ్చింది. ఆయన ఆగలేదు. నేను పళ్లు బిగబట్టి కూర్చున్నా. చివరి స్వరాల దగ్గర పన్ను సహకరించలేదు. స్వరం ఒక్కసారి జారి కీచుమంది. దాన్ని ఆయన పట్టుకొని, ఊపిరి తీసుకొని, మళ్లీ అదే ముక్క సరిగ్గా వాయించి ముగించాడు. పక్క గదిలోంచి పెద్దమ్మ "శభాష్" అంది. అదీ రికార్డైంది.

రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించా. శ్రుతి మొదటి నుంచి చివరిదాకా ఉంది. కీచుమన్నచోట ఆయన ముఖం చిట్లించాడు.

"ఇది తీసెయ్యచ్చా అబ్బీ?"

"తియ్యచ్చు పెద్దనాయనా. రైలు కూడా తీసేస్తా. రెండు నిమిషాల పని."

నిజంగానే రెండు నిమిషాల పని. నేను రోజూ చేసేదే అది. ల్యాప్‌టాప్ తెరిచా కూడా. ఆయన మళ్లీ ఒకసారి విన్నాడు, రైలు దగ్గర, కీచు దగ్గర, పెద్దమ్మ శభాష్ దగ్గర.

"వద్దులే. అది తీస్తే మీ పెద్దమ్మ ఎందుకు శభాష్ అనిందో తెలీదు."

ల్యాప్‌టాప్ మూసేశా.

నవమి అయిన మూడో రోజు నంద్యాల వెళ్లి ముందు పళ్లు తీయించుకున్నాడు. చిగుళ్లు మానాక కట్టుడు పళ్లు వచ్చాయి. ఇప్పుడు రోజూ సాయంత్రం అరగంట కొత్త పట్టు సాధన చేస్తున్నాడు. ఇంకా కీర్తనల దాకా రాలేదు. షడ్జం ఒక్కటే, అది కూడా నిలకడగా నిలబడితే గొప్ప. ఆదివారం ఆదివారం కాల్ చేసి వినిపిస్తాడు.

ఆయన ఫోన్‌లో, నా ఫోన్‌లో నాయిస్ సప్రెషన్ ఆపేశాం. ఫ్యాను వినిపిస్తుంది, హైవే మీద సిమెంటు లారీలు వినిపిస్తాయి, పెద్దమ్మ గిన్నెలు వినిపిస్తాయి. వాటి కింద శ్రుతి కూడా వినిపిస్తుంది.